రెండో గీత పోవాలని

ఇటు జరిగి కూర్చోండి తల్లీ. పొయ్యి మీద పాలుంటే దించి రండి, లేకపోతే చెవి ఇక్కడా మనసు అక్కడా ఉంటాయి. నేను చదివింది నాలుగో తరగతి, పెద్ద పెద్ద మాటలు రావు. కానీ నా ఒంటి మీద జరిగింది ఒక్కటీ మరిచిపోలేదు. ఎవరు ఏ మాట అన్నారో, ఆ మాట అన్ననాడు ఏ రంగు చీర కట్టుకున్నారో కూడా చెప్పగలను. గండం గడిచింది కాబట్టి చెబుతున్నాను. కొంత నా గుండె కుదుటపడాలని, కొంత మీ ఇంట్లోనూ ఆడపిల్లలు ఉంటారని.

మాది గోదావరి ఒడ్డున బొగ్గుబావుల కాలనీ. మా ఆయన రాజేశం బావిలోకి దిగి పని చేస్తాడు. రెండు గదుల క్వార్టర్లో ఆయన, నేను, మా అత్త ఎల్లవ్వ. మా పుట్టిల్లు ఆసిఫాబాద్ దగ్గర. నన్ను కన్న అవ్వ పోయింది, బాపు ఒక్కడే ఉంటాడు. నాకు పెళ్ళయి ఏళ్ళు గడిచినా కడుపు పండలేదు. కాలనీలో ఎవరింట్లో బిడ్డను తొట్టెలలో వేసినా నన్ను పిలిచేవాళ్ళు, పిలిచి వెనక వరసలో కూర్చోబెట్టేవాళ్ళు. బిడ్డను అందరి ఒళ్ళోకీ అందించి, నా దగ్గరికి వచ్చేసరికి "పాలకు ఏడుస్తుంది" అని తీసుకుపోయేవాళ్ళు. ఆ ఏడవని బిడ్డలు ఎంతమందో నాకు గుర్తే.

బతుకమ్మ పండుగ ముందర నెల తప్పింది. మెడికల్ షాపు నుంచి కిట్టు తెప్పించి, పొద్దున్నే బాత్రూంలో చూసుకున్నాను. మొదట ఒక గీత వచ్చింది. కాసేపటికి దాని పక్కన రెండోది. గులాబీ రంగు, అంచున కొంచెం ఊదా. అంత చక్కటి రంగు నేను ఏ చీర మీదా చూడలేదు. బయటికొచ్చి అత్తకు చూపిస్తే ఆమె నా ముఖం చూడలేదు, గీతలు చూసి పట్టీకే ముద్దు పెట్టింది.

పసుపు గుడ్డలో చుట్టి దేవుడి అరలో పెట్టింది. వచ్చినవాళ్ళకల్లా విప్పి చూపించేది.

"సూడుండ్రి, నా మనుమడు. రెండు గీతలు. కండ్లద్దాలు పెట్టుకొని సూడుండ్రి."

గ్యాసు బండ తెచ్చిన మనిషికి కూడా చూపించింది. పాపం అతనేం చేస్తాడు, బండ దించి రెండు చేతులూ జోడించి దండం పెట్టాడు.

తర్వాత వాంతులు మొదలయ్యాయి. మంచినీళ్ళు కూడా కడుపులో నిలవలేదు. కడుపు మాత్రం నెలలకు మించి పెరిగింది. మూడో నెలకే ఐదో నెలలా కనిపిస్తే అత్త సంబరానికి అంతు లేదు. "ఇద్దరున్నరు లోపట. రామలక్ష్మణులు" అని పేర్లు కూడా పెట్టేసింది. పక్క క్వార్టర్లో ఖైరున్ ఉంటుంది, పిన్ని వరసన ఖాలా అంటాను. మిషన్ కుట్టు కుడుతుంది, ఆమె భర్తదీ బావి పనే. ఒకనాడు నా జాకెట్టుకు కొలత తీస్తూ టేపు అక్కడే ఆపింది.

"బేటీ, నాకు గిన్ని కాన్పులైనయి, గింత జల్ది పెరగలే. జర స్కానింగ్ తియ్యించుకో."

అత్త వంటింట్లోంచి విన్నది. "ఐదో నెల దాక మిషన్ల కింద పండుకోవద్దు. పిండానికి వేడి తగుల్తది. నువ్వు జాకెట్టు కుట్టు ఖైరున్, కడుపు సంగతి నేను సూసుకుంట."

కార్తీకంలో ఒక పొద్దున నల్లగా రక్తం పడింది. దానితో పాటు ఇంకేవో పడ్డాయి. ఉడికిన సగ్గుబియ్యం ఉంటుంది చూడండి, అలాంటివి. నేను చూశాను. ఈనాటికీ మా ఇంట్లో సగ్గుబియ్యం తేను.

కరీంనగర్ పోయాం. దవాఖానలో ఎదురుచూసే గదిలో అందరివీ కడుపులే. గోడ మీద నవ్వే పసిపిల్లల బొమ్మలు. టీవీలో ఎవరో మాట లేకుండా వంట చేస్తున్నారు. పక్కన కూర్చున్న ఒక పిల్ల, ఏ ఊరో ఏమో, బత్తాయి వొలిచి నాకు సగం ఇచ్చింది. "వాంతులకు మంచిది అక్కా" అన్నది. నేను తినలేక చేతిలోనే పట్టుకున్నాను. ఆ పిల్ల పేరు అడగలేదు.

స్కానింగ్ చేసే డాక్టరమ్మ చాలాసేపు మాట్లాడలేదు. మీలో ఎవరైనా ఆ బల్ల మీద పడుకుని ఉంటే తెలుసు, వాళ్ళు మాట్లాడకపోతే ఎంత భయమో. చివరికి అన్నది:

"బిడ్డ లేదమ్మా. బిడ్డకు తిండి అందించే మాయ ఒక్కటే పెరిగింది, బుడగలు బుడగలుగా. తీసెయ్యాలె."

అత్త లేచి నిలబడింది. "లేకపోవుడేంది? రెండు గీతలొచ్చినయి! దేవుని తాన పెట్టిన, తెచ్చి సూపియ్యమంటవా?"

డాక్టరమ్మ అలిసిపోయినట్టుంది. నర్సమ్మే అత్త భుజం పట్టి కూర్చోబెట్టింది. మంచిది ఆమె. నిదానంగా చెప్పింది.

"అవ్వా, గా గీత సిరా కాదు. కంటికి ఆనని బంగారు నలుసులు. బంగారం అంత సన్నగైతే పచ్చగుండది, ఎర్రగ కనబడ్తది. మాయ నుంచి రక్తంలకు, మూత్రంలకు ఒక పదార్థం దిగుతది. అదుంటే నలుసులన్ని గాడ పోయి పట్టుకుంటయి, గీత పడ్తది. గంతే. మాయ వెనక బిడ్డ ఉన్నదా లేదా, గీతకేం ఎరుక?"

అన్ని మాటల్లో మా అత్త చెవిన పడింది ఒక్కటే.

"బంగారమా? బంగారం అబద్ధమాడదు గదనే."

మర్నాడు తీసేశారు. మా దిక్కు కడుపు పోతే ఊరికే వదిలెయ్యరు. తెల్లగుడ్డలో చుట్టి, ఇంత ఉప్పు వేసి మట్టిలో పెడతారు. అత్త గుడ్డా ఉప్పూ కొంగులో కట్టుకుని తలుపు దగ్గర నిలబడింది. నన్ను బయటికి తెస్తుంటే నా చక్రాల మంచం పక్కన నడుస్తూ నర్సమ్మను అడుగుతోంది:

"మొగపిల్లగాడా, ఆడపిల్లనా? గదొక్కటి చెప్పు బిడ్డా. ఏడ్సెటందుకు పేరు కావాలె గద."

"పూడ్చెటందుకు ఏం లేదవ్వా. పరీక్షకు పంపిండ్రు."

"దాసుకున్నరు. నా మనుమన్ని దాసుకున్నరు" అని అత్త నేల మీద కూలబడింది. ఇంటికొచ్చాక గోదావరి గడ్డకు పోయి, ఉత్త గుడ్డలో ఉప్పు మూటగట్టి పూడ్చింది. నేను పడుకునే ఉన్నాను, తడి కాళ్ళతో ఆమె లోపలికి రావడం చూశాను. అందుకే ఆమెను చెడ్డది అని ఒక్కమాటతో చెప్పలేను. కానీ ఆమె చేసింది చెప్పక తప్పదు.

కాలనీలో అప్పటికే మాట పాకింది. "రాజేశం పెండ్లాం పాము గుడ్లు కన్నదట" అని. నల్లా దగ్గర నేను బిందె పెడితే పక్క బిందె జరిగేది.

డాక్టరమ్మ చెప్పిన నియమాలు నాకు మంత్రంలా నోటికొచ్చు. వారం వారం రక్తపరీక్షకు రావాలి. ఆ పదార్థం తగ్గి తగ్గి అసలు లేకుండా పోవాలి. అది మిగిలితే రోగం లోపల వేరు పట్టినట్టు, ఊపిరితిత్తుల దాకా పోతుంది, సూదులు వేయకపోతే మనిషిని తీసుకుపోతుంది. చెప్పేదాకా, ఏడాది అనుకో, కడుపు రాకూడదు. రాకుండా మాత్రలు ఇచ్చింది.

"ఎందుకు మేడం?" అని రాజేశం అడిగాడు.

"కడుపు వచ్చినా గీత వస్తుంది, రోగం తిరగబెట్టినా గీత వస్తుంది. రెండింటికీ అదే రంగు. ఏది ఏదో తేలేలోపల మనిషి మన చేతిలో ఉండదు. అర్థమైందా నాయనా?"

తల ఊపాడు.

ఇట్లా నేను తలకిందులైపోయాను. లోకంలో ఆడవాళ్ళందరూ రెండో గీత రావాలని మొక్కుతారు. నేను ధర్మపురి నరసింహస్వామికి రెండో గీత పోవాలని మొక్కుకున్నాను. స్వామికి కూడా నా మొక్కు విచిత్రంగానే తోచి ఉంటుంది. వారానికొకసారి కరీంనగర్ బస్సు. మధ్యలో మనసు ఆగక ఇంట్లో కిట్టుతో చూసుకునేదాన్ని. డాక్టరమ్మ కోప్పడింది, "కొంచెం మిగిలితే పట్టీ చూపించదు, రక్తమే నమ్ము" అని. అయినా చూసుకున్నాను. రెండో గీత మొదట్లో సింధూరంలా ఉండేది. తర్వాత గులాబీ. తర్వాత ఉతికినా వదలని మరకలా. మాఘం దాటాక ఒకనాడు నిజంగా లేదు. రక్తంలో కూడా లేనంత తక్కువకు వచ్చింది. బస్సులో సుల్తానాబాద్ దాటేదాకా నాలో నేను నవ్వుకుంటూనే ఉన్నాను.

ఇంటికి వచ్చేసరికి మాత్రల డబ్బా ఖాళీగా ఉంది.

"బాత్రూంల పోసి నీళ్ళు కొట్టిన" అన్నది అత్త, బియ్యం చెరుగుతూనే. "గొడ్రాలిని చేసే మందులు నా ఇంట్ల వద్దు. కడుపు పచ్చిగున్నప్పుడే ఇంకోటి నిలుస్తది, మా పెద్దలు గట్లనే చెప్పిండ్రు. నీ డాక్టరమ్మకు ఇద్దరు పిల్లలట గద, ఆమెకేం బాధ?"

"అత్తమ్మా, నేను సచ్చిపోతనన్నది ఆమె."

"కడుపుతోటి ఎవలు సావరు."

రాజేశం వైపు చూశాను. ఆయన టిఫిన్ డబ్బా మూత బిగిస్తున్నాడు, అదేదో ఎంతకీ బిగియని మూత అయినట్టు. సైరన్ మోగింది, షిఫ్టుకు పోయాడు. మళ్ళీ మాత్రలు నా చేతికొచ్చేదాకా ఆ ఇంట్లో రాత్రిళ్ళు నా మాట ఎంత నడిచి ఉంటుందో ఆడవాళ్ళకు విడమరచి చెప్పనక్కర లేదు.

ఎండలు ముదిరాయి. ఒక పొద్దున బాత్రూంలో పట్టీ చూస్తుంటే, ఒకటో గీత పక్కన రెండోది లేచింది. మొదటిసారి ఎంత అందంగా లేచిందో అంతే అందంగా. గోడ పట్టుకున్నాను. తలుపు తీసేసరికి అత్త ఎదురుగానే ఉంది. నా చేతిలోంచి లాక్కుంది.

"వచ్చింది! మల్ల వచ్చింది! ఒరే రాజేశం, లే కొడుకా, నీ బిడ్డ తిరిగొచ్చిండు!"

ఆ రోజు మా ఇంట్లో జరిగిన గొడవ మీకెట్లా చెప్పను. వాళ్ళిద్దరిదీ పిచ్చి అనడానికి లేదు. బిడ్డే కావచ్చు. నాకూ తెలియదు. బిడ్డయితే, రోగమనుకుని కరీంనగర్లో వేసే సూది దాన్ని చంపుతుంది. రోగమైతే సూది లేని ప్రతి వారం నన్ను చంపుతుంది. నా కడుపులో ఉన్నది నా కొడుకా నా చావా అని నేను వంటింట్లో కూర్చుని ఆలోచిస్తుంటే, పక్క గదిలో అత్త తొట్టెలకు ఎవరెవరిని పిలవాలో చెబుతోంది.

"ఒక్క నెల ఆగుదాం" అన్నాడు రాజేశం.

"రోగమైతే?"

"రోగమని నువ్వెట్ల చెప్తవ్?"

"బిడ్డని నువ్వెట్ల చెప్తవ్?"

"జర మంచిగ అనుకోరాదు!" అని అరిచి, అంతలోనే గొంతు తగ్గించాడు. "నాకు మాత్రం ఆశ ఉండదా, స్వరూపా?"

ఆశ నాకు లేదా! కానీ ఆ పొద్దున్నే దగ్గితే చిన్న రక్తపు చార పడింది. అది ఎవరికీ చెప్పలేదు. సంచిలో చీర పెట్టుకుని బయటికి రాబోయాను. అత్త వచ్చి గడపకు అడ్డంగా పడుకుంది.

మా ఇళ్ళలో పడుకున్న పెద్దవాళ్ళను దాటరు. పసిపిల్లలు తెలియక దాటినా వెనక్కి పిలిచి మళ్ళీ ఇటు దాటిస్తారు, దాటితే పడుకున్నవాళ్ళ ఆయుష్షు తెగుతుందని. అత్తకు అది తెలుసు. నాకు తెలుసని కూడా తెలుసు.

"పో. నన్ను దాటి పో. నన్ను సంపి, నా మనుమన్ని సంపి పో."

ఎంతసేపు నిలబడ్డానో. వాకిట్లో జనం చేరారు. ఒక్కరూ ఆమెను లెమ్మనలేదు. నన్నే చూస్తున్నారు, దాటుతుందా దాటదా అని, పందెం కట్టినట్టు. ఖైరున్ ఖాలా జనంలోంచి ముందుకొచ్చింది. బుర్ఖా వేసుకుని, చేతిలో నీళ్ళ సీసా పట్టుకుని, బస్సుకు తయారై వచ్చింది.

"దాటు బేటీ" అన్నది. "ఆమెకేం కాదు. అయితే గా పాపం నా మీద రాయుమను అల్లాను. దాటు."

కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని దాటాను. అత్త చెయ్యి నా మడమను పట్టుకుంది. అంత గట్టి పట్టు ఆ ముసలి చేతికి ఎక్కడిదో. విడిపించుకున్నాను. వెనక నుంచి ఆమె గొంతు బస్టాండు దాకా వచ్చినట్టే అనిపించింది.

కరీంనగర్లో పొద్దంతా కూర్చోబెట్టారు. రక్తం, ఛాతీ ఎక్స్‌రే, స్కానింగ్. ఖాలా నా పక్కనే పెదాలు కదిలిస్తూ కూర్చుంది. అదే డాక్టరమ్మ, అదే బల్ల. ఈసారి ఆమె వెంటనే చెప్పింది.

"గర్భసంచిలో ఏమీ లేదు స్వరూపా. రక్తంలో ఆ పదార్థం లెక్క బాగా పెరిగింది. ఊపిరితిత్తిలో చిన్న మచ్చ ఉంది. ఇది రోగమే. రేపే సూది మొదలుపెడదాం. తగ్గే రోగమిది, భయపడకు."

బిడ్డ లేదని నాకు రెండోసారి చెప్పారు. మొదటిసారి ఏడ్చాను. ఈసారి నా నోట "అమ్మయ్య" అని వచ్చింది. ఆ అమ్మయ్య అన్నందుకు తర్వాత చాలా ఏడ్చాను.

సూదుల రోజుల గురించి ఎక్కువ చెప్పను. నోరంతా పుండ్లు. ఉమ్మి మింగినా నిప్పు మింగినట్టు. ఇంట్లో అత్త అదే కారం కూర నా ముందు పెట్టేది. "ఇంట్ల అందరికి ఒక్కటే కూర" అనేది. ఎవరైనా చూడడానికి వస్తే నాకు వినపడేట్టు చెప్పేది:

"సూది ఏసి సంపుకున్నది. తొలిసారి దవాఖానోళ్ళు తీసుకున్నరు, మలిసారి ఇదే ఇచ్చొచ్చింది."

ఆసిఫాబాద్ నుంచి బాపు వచ్చాడు. గంజి కాచి, చల్లార్చి, నా ఎదురుగా తనూ ఒక గిన్నె పెట్టుకున్నాడు, ఉప్పూ కారం లేకుండా. "నువ్వెందుకు బాపూ, నువ్వు తిను మంచిగ" అన్నాను. "నాకు గిదే రుచయితుంది బిడ్డా" అన్నాడు. పచ్చడి లేకుండా ముద్ద దిగని మనిషి. ఉన్నన్నాళ్ళూ అదే తాగాడు.

రాజేశం మూడో విడత సూదులప్పుడు దవాఖానకు వచ్చాడు. షిఫ్టు దిగి ముఖం కూడా కడుక్కోకుండా, కనురెప్పల నిండా బొగ్గుతో. డాక్టరమ్మ ఎక్స్‌రే వెలుతురుకు పట్టి మచ్చ చూపించింది. చాలాసేపు చూశాడు.

"మా అవ్వకెట్ల చెప్పాలె మేడం?"

"మీ అవ్వ సంగతి తర్వాత. నీ భార్యకు ఏం చెప్తవో అది చూడు."

ఆయన నాకేమీ చెప్పలేదు. నా మంచం కింద చెప్పులు తిరగబడి ఉంటే వంగి సరిచేసి పోయాడు. ఆ ఇంట్లో మగవాళ్ళ భాష అంతే, నేను నేర్చుకున్నాను.

వానలు పడి, వెలిసి, మళ్ళీ చలి వచ్చేసరికి రక్తంలో ఆ పదార్థం లేదన్నారు. ఇంకోసారి చూసి లేదన్నారు. మచ్చ కూడా పోయింది. మళ్ళీ మొదటి నుంచి ఏడాది లెక్క, ఈసారి మాత్రల డబ్బా ఖాలా ఇంట్లో పెట్టుకున్నాను. ఆ ఏడాదీ గడిచింది. మొన్న డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకుని "అయిపోయింది స్వరూపా. ఇక నీ ఇష్టం. కావాలంటే బిడ్డను కనవచ్చు, వద్దంటే హాయిగా ఉండు" అన్నది. నీ ఇష్టం అనే మాట నాతో అన్నవాళ్ళు తక్కువ.

మర్నాడు పొద్దున్నే, అవసరం లేకపోయినా, ఒక కిట్టు తెచ్చుకుని చూసుకున్నాను. ఒకటే గీత. పక్కన తెల్లగా, కాటన్ చీరంత శుభ్రంగా ఉంది. వాకిట్లో వెలుతురులో నిలబడి చూసుకుంటున్నాను. అత్త వచ్చి తొంగి చూసింది.

"ఒక్కటేనా?" అన్నది.

"ఒక్కటే అత్తమ్మా. తగ్గిపోయింది నాకు."

ఆమె గుమ్మంలో కూర్చుని రాగం తీసింది. చావు ఇంట్లో తీసే రాగం. "నా ఇంట్ల దీపం లేకపాయె, నా కొడుకుకు కొడుకు లేకపాయె" అని. చుట్టుపక్కల ఆడవాళ్ళు పరుగెత్తి వచ్చారు. ఆమె చుట్టూ కూర్చుని కొంగుతో కళ్ళు తుడిచారు. "ఊకో ఎల్లవ్వా, మళ్ళొస్తది" అని ఓదార్చారు. ఒక్కరూ నా వైపు తిరిగి బాగున్నావా అనలేదు. బతికి బయటపడ్డ మనిషి ఎదురుగా నిలబడి ఉంటే, ఎన్నడూ లేని బిడ్డకు ఏడుస్తున్నారు.

నేను లోపలికి పోయి చాయ్ పెట్టాను. ఏడవడానికి వచ్చినవాళ్ళైనా ఇంటికి వచ్చినవాళ్ళే కదా. అందరికీ ఇచ్చి, చివరికి అత్తకిచ్చాను. రాగం ఆపి తీసుకున్నది. ఒక గుక్క తాగి, కళ్ళు తుడుచుకుని అన్నది:

"షక్కర తక్కువేసినవ్."

లోపలికి పోయి ఇంకో చెంచా తెచ్చి కలిపాను. తాగి, గ్లాసు పక్కన పెట్టి, మళ్ళీ రాగం అందుకుంది. ఆమె పక్కనే గోడకు ఆనుకుని కూర్చుని నేనూ నా చాయ్ తాగాను, చివరి గుక్కదాకా, వేడిగా. ఆ వాకిట్లో ఆ పొద్దు సంబరంగా ఉన్నది నేనొక్కదాన్నే.

ఇదీ నా సంగతి. మీ ఇంట్లో పిల్ల రెండు గీతలు చూపిస్తే సంతోషపడండి, పడవద్దనడం లేదు. కానీ వెంటనే డాక్టరు దగ్గరికి తోలండి, గీత ఒక్కదాన్నే నమ్మి కూర్చోకండి. డాక్టరు ఏడాది ఆగమంటే ఆగండి. ఆ పిల్ల మాత్రల మీద చెయ్యి వేయకండి.

చల్లగా ఉండండి తల్లీ. మీ ఇంటికి పసిపిల్లల కేరింతలు రావాలి. రాకపోయినా మీ ఇంటి కోడలు కడుపునిండా తిని, కంటినిండా నిద్రపోవాలి. మీ గడపకు అడ్డంగా ఎవరూ పడుకోకుండా ఉండాలి. పడుకున్నా, బయట నుంచి "దాటు బేటీ" అనే పొరుగు ఒక్కటైనా మీకు దొరకాలి.